విషానికి విరుగుడు ఈస్టులోనే

పంజాబ్, హర్యానా పొలాల్లో ఏటా అక్టోబరు, నవంబరు నెలల్లో తగలబెట్టే వరిగడ్డి పొగ ఢిల్లీ దాకా పాకుతుంది. అదే గడ్డి నుంచి ఇథనాల్ తీయడానికి హర్యానాలోని పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ సంస్థ నెలకొల్పిన ప్లాంటు 2022 ఆగస్టు 10న ప్రారంభమైంది. ఏడాదికి 2 లక్షల టన్నుల గడ్డితో 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీయాలన్నది లక్ష్యం. ఇలాంటి ప్రయత్నాల జాతకాన్ని నిర్ణయించేది యంత్రాలు మాత్రమే కాదు, కంటికి ఆనని ఈస్టు కణం కూడా.

కల్లు కుండలో సులువుగా పనిచేసే ఈస్టుకు గడ్డి కొరుకుడుపడదు. అందులోని చక్కెరలు సెల్యులోజ్, హెమిసెల్యులోజ్‌ల రూపంలో బిగుసుకుపోయి ఉంటాయి. ఆ బిగువు సడలించడానికి గడ్డిని సాధారణంగా ఆమ్లం కలిపి అధిక వేడిలో ఉడికిస్తారు. చిక్కల్లా అక్కడే. ఆ వేడికి కొంత చక్కెర ఫర్‌ఫురాల్, హెచ్ఎంఎఫ్ అనే విషపదార్థాలుగా మారుతుంది.

ఫర్‌ఫురాల్ తగలగానే ఈస్టు ఎదుగుదల ఆగిపోతుంది. పులియడం గంటల తరబడి వెనకబడుతుంది. అయితే కణం చేతులు ముడుచుకుని కూర్చోదు. ఏడీహెచ్6, ఏడీహెచ్7 వంటి ఎంజైములు ఫర్‌ఫురాల్‌ను అంతగా హాని చేయని ఆల్కహాలుగా మార్చేస్తాయి. ఈ విషం వల్ల కణంలో చురుకైన ఆక్సిజన్ అణువులు కూడా పెరుగుతాయి. వాటిలో ఒకటైన సూపరాక్సైడ్‌ను సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైము హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. దాన్ని కెటలేజ్ నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది.

ఈ సేవ ఉచితం కాదు. ఏడీహెచ్6, 7 పనిచేయాలంటే ఎన్ఏడీపీహెచ్ అనే అణువు ఖర్చవుతుంది. కణం కొత్త కొవ్వులు, అమైనో ఆమ్లాలు తయారు చేసుకోవడానికి కావలసిందీ అదే. ఇంట్లో ఉన్న సొమ్మంతా వైద్యానికే పోతే వంటకు మిగిలేదేముంటుంది?

దీనికి దారులు రెండు. సున్నం వంటివాటితో ముందే విషాన్ని తగ్గించడం ఒకటి. దానికి ఖర్చవుతుంది, కొంత చక్కెరా పోతుంది. ఈస్టునే రాటుదేల్చడం రెండోది. విషం మోతాదును కొద్దికొద్దిగా పెంచుతూ తరతరాలుగా పెంచితే తట్టుకునే రకాలు మిగులుతాయి. విరుగుడు ఎంజైముల జన్యువులను మరింత చురుగ్గా పనిచేయించడమూ సాధ్యమే. 1996లోనే ఈస్టు జన్యుపటం పూర్తయింది కాబట్టి ఎక్కడ చేయి వేయాలో శాస్త్రవేత్తలకు తెలుసు.

గడ్డి కాల్చకుండా అమ్ముకునే రైతుకు గిట్టుబాటు ధర దక్కాలంటే ప్లాంటు లాభసాటిగా నడవాలి. అందుకు ఈస్టు విషాన్ని అరాయించుకుని కూడా త్వరగా పనిలోకి దిగాలి.