మందుకు ముందు

సాయంత్రం ఆరైందని మా ఇంట్లో గడియారం చెప్పక్కర్లేదు, మనవరాలే చెప్పేది. ముందు చిన్న మూలుగు. ఆ వెంటనే మొహం కందగడ్డ చేసుకుని, పిడికిళ్లు బిగించి, మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని ఒకటే ఏడుపు. పొట్ట మీద చెయ్యి వేస్తే మద్దెల మీద వేసినట్టు ఉండేది. కాస్త గాలి పోతే రెండు నిమిషాలు ఊరుకునేది, మళ్లీ మొదలు. తొమ్మిదింటికి అది అలిసి నిద్రపోయేసరికి మాకు కంచం ముందు కూర్చునే ఓపిక కూడా ఉండేది కాదు. దానికప్పుడు ఆరు వారాలు.

అది పోతపాల పిల్ల. కాన్పు తర్వాత మా అమ్మాయికి ఒంట్లో బాగాలేక పది రోజులు ఆసుపత్రిలోనే ఉండిపోయింది. పాలు సరిగా పడలేదు. డబ్బాపాలు పట్టమని డాక్టరే రాసిచ్చారు. ఇంటికి వచ్చేటప్పుడు ఆ చీటీ చేతికిచ్చారు గానీ, ఆ పాలు ఎలా కలపాలో ఎవరూ చూపించలేదు. మేమూ అడగలేదు. అందులో తెలియనిదేముంది, నీళ్లూ పొడీ కలపడమేగా అనుకున్నాం.

చంటిపిల్ల ఏడిస్తే ఊరంతా వైద్యులే. పక్కింటి పిన్నిగారు వామునీళ్లు కాచి గ్లాసుతో తెచ్చారు. వియ్యపురాలు ఫోన్‌లో ఇంగువ అరగదీసి బొడ్డు చుట్టూ రాయమన్నారు. “మీ పిల్లలు గ్రైప్‌వాటర్‌తోనే పెరిగారు, మరిచిపోయావా వదినా?” అంది మా ఆడపడుచు. పనిమనిషి ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి దిష్టి తీసింది. మందుల షాపతను చీటీ అడక్కుండానే ఏవో చుక్కలు ఇచ్చాడు. వాటిలో సగం చేశాం, సగం చేసినట్టు చెప్పాం. ఏడుపు మాత్రం ఆగలేదు.

ఓ రాత్రి అల్లుడు పాలు కలుపుతుంటే వంటింట్లో నేనూ ఉన్నాను. అప్పటిదాకా ఆ పని వంక సరిగ్గా చూసింది లేదు. డబ్బాలోని చెంచాతో పొడి తీశాడు, గోపురంలా. “కాస్త చిక్కగా ఉంటే కడుపు నిండుతుంది కదా అత్తయ్యా” అన్నాడు. మూత బిగించి, మజ్జిగ చిలికినట్టు సీసాను గలగలా ఊపాడు. పైన రెండు వేళ్ల మందాన నురగ. పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి సీసా నోట్లో పెట్టాడు. గుటగుటా గుటగుటా, 120 మిల్లీలీటర్లు నాలుగు నిమిషాల్లో ఖాళీ. పెదవుల పక్కనుంచి పాలు మెడలోకి కారుతున్నాయి. పిల్ల కళ్లు పెద్దవి చేసుకుని, ఊపిరి పీల్చుకునే సందు లేక, మింగలేక మింగుతోంది.

సీసా తీసుకుని సింకులో తలకిందులు చేశాను. మిగిలిన పాలు చుక్కలుగా పడలేదు, ధారగా కారిపోయాయి. పాలపీకకు అంత రంధ్రం ఎక్కడిదా అని చూస్తే గుర్తొచ్చింది. మొదటి వారంలో ‘పాపం, పిల్ల పీల్చలేకపోతోంది’ అని స్టవ్ మీద సూది ఎర్రగా కాల్చి ఆ రంధ్రం పెద్దది చేసింది నేనే. మా రోజుల్లో అందరిళ్లలోనూ చేసేవాళ్లం. పొట్టలో గాలి తీయించడానికి ఇంటిల్లిపాదిమీ కిందామీదా పడుతున్నాం. ఆ గాలికి దారి వేసింది అమ్మమ్మ!

మర్నాడు పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్తే ఆవిడ మందు రాయలేదు. “పాలు ఎలా కలుపుతున్నారో ఇక్కడ కలిపి చూపించండి” అన్నారు. ఆరు వారాల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడే. ఈ వారం నేను చెప్పదలుచుకున్నది కూడా ఇదే. పోతపాల పిల్ల పొట్టనొప్పితో ఏడుస్తుంటే మందుసీసా మూత తీసేముందు పాలసీసా వంక చూడండి.

చంటిపిల్ల పొట్టలోకి గాలి ప్రధానంగా నోటి నుంచే వెళుతుంది. పాలు వేగంగా వస్తే ఉక్కిరిబిక్కిరై గాలి మింగుతుంది. పీక రంధ్రం మరీ చిన్నదైతే లాగి లాగి గాలి మింగుతుంది. సీసా ఊపితే పుట్టిన నురగంతా గాలే. పిల్ల గుక్కపట్టి ఏడ్చినా గాలి మింగుతుంది. గాలి వల్లే ఏడుస్తోందని మనం అనుకుంటాం, చాలాసార్లు ఏడ్చినందువల్లే గాలి చేరుతుంది. దీనికితోడు తల్లిపాల కంటే డబ్బాపాలు పొట్టలో కాస్త గట్టిగా విరుగుతాయి, నెమ్మదిగా అరుగుతాయి. అవసరానికి మించి పోస్తే ఆ బరువూ కలుస్తుంది.

కాబట్టి వైద్యం కలపడం దగ్గరే మొదలవ్వాలి. ముందు నీళ్లు కొలిచి పోయాలి, తర్వాత పొడి వేయాలి. పొడి ముందు వేస్తే నీళ్ల కొలత తప్పుతుంది. ఏ డబ్బాకు ఆ చెంచాయే వాడాలి. గోపురంలా కాదు, పైన చాకు వెనుక భాగంతో చదును చేసి. మా డబ్బా మీద 30 మిల్లీలీటర్ల నీటికి ఒక చెంచా అని ఉంది, మీ డబ్బా మీద ఏముందో చదవండి. చిక్కగా కలిపితే బలం రాదు, మలం గట్టిపడుతుంది, ఒంట్లో నీరు తగ్గుతుంది. డబ్బా ఖరీదు చూసి పలచగా కలిపితే పిల్ల బరువు పెరగదు. రెండూ తప్పే.

పాలపొడి సూక్ష్మజీవులు లేని పదార్థం కాదన్న సంగతి నాకు ఈ వయసులో తెలిసింది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, మరిగించిన నీళ్లు 70 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లారకముందే పొడి కలపమంది. కలిపాక సీసాను చన్నీళ్ల కింద తిప్పి చల్లార్చి, మణికట్టు మీద చుక్క వేసుకుని చూసి పట్టాలి. బయట ఉంచిన పాలను రెండు గంటలు దాటితే పారబోయాలి. పిల్ల తాగగా మిగిలినవి ఎలాగూ దాచకూడదు. కలిపేటప్పుడు సీసాను మెల్లగా తిప్పాలి. నురగ వస్తే అది అణిగేదాకా ఆగాలి. మనకు నురగ కాఫీలో ముద్దు, పాలసీసాలో కాదు.

పట్టడం కూడా ఒక విద్యే. పిల్లను ఒళ్లో తల పైకి ఉండేలా కూర్చోబెట్టినట్టు పట్టుకోవాలి. సీసాను నిలువుగా ఎత్తకుండా, పీకలో పాలు నిండి ఉండేంత మాత్రమే వంచాలి. తలకిందులు చేస్తే పాలు సెకనుకు ఒక చుక్క చొప్పున పడే పీక చాలు. మధ్యమధ్య ఆపుతూ, పావుగంట ఇరవై నిమిషాలు పట్టేలా తాగించాలి. సగం తాగాక ఒకసారి, అయ్యాక ఒకసారి భుజాన వేసుకుని వీపు నిమరాలి. త్రేన్పు రాకపోతే గుద్దక్కర్లేదు, కాసేపు నిటారుగా ఎత్తుకుంటే చాలు.

ఎంత పట్టాలన్నదానికీ ఒక లెక్క ఉంది. తొలి నెలల్లో కిలో బరువుకు రోజుకు సుమారు 150 మిల్లీలీటర్లు. మా పిల్ల 4 కిలోలు, అంటే రోజుకు 600, ఎనిమిదిసార్లు పడితే పూటకు 75. మేం 120 పట్టేశాం. ఏడ్చిన ప్రతిసారీ ఆకలేనని మళ్లీ పట్టేశాం. తల తిప్పేసుకున్న పిల్ల ‘చాలు’ అంటోందని అర్థం చేసుకోలేదు. అన్నం ముద్ద వెంటపడి తినిపించే అలవాటు మనకు పాలసీసాతోనే మొదలవుతుంది కాబోలు.

ఒక్కోసారి పిల్ల మొహం ఎర్రగా చేసుకుని పది నిమిషాలు ముక్కుతుంది, తీరా చూస్తే మలం మెత్తగానే ఉంటుంది. అది మలబద్ధకం కాదు, ఆ పని ఇంకా నేర్చుకుంటోందంతే. దానికి సబ్బుముక్కలూ తమలపాకు కాడలూ అక్కర్లేదు. నొప్పిగా ఉన్నప్పుడు పొట్ట మీద గడియారం ముల్లు తిరిగే వైపు మెల్లగా నిమరడం, కాళ్లు సైకిల్ తొక్కించినట్టు ఆడించడం, మేలుకుని ఉన్నప్పుడు మన ఒళ్లో బోర్లా వేసి వీపు రాయడం, ఇవి హాయినిస్తాయి. కాళ్లు చాపుకుని వాటి మీద పిల్లను పడుకోబెట్టి గోరువెచ్చటి నీళ్లు పోసే మన స్నానం కూడా అంతే. నిద్రపుచ్చేటప్పుడు మాత్రం వెల్లకిలాయే.

ఇక ఇంటి వైద్యాలు. ఇంగువ, బొడ్డు ఊడి మానాక పైపూతగా రాస్తే పెద్దగా పోయేదేమీ లేదు, లోపలికి మాత్రం వద్దు. వామునీళ్లు ఆ చిన్న పొట్టలో పాలు పట్టే చోటు ఆక్రమిస్తాయి. ‘ఉగ్గుపాలతో నేర్చిన విద్య’ అంటామే, ఆ ఉగ్గులోని ఆముదం గొంతులో పోస్తే పొరబోయి ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. మాటలు బాగా వస్తాయని నాకించే వస కూడా వద్దు. నాకు మా అమ్మమ్మ నాకించిందట, ఈ కాలమ్ అందుకే ఇంత పొడుగు. ఏడాది లోపు పిల్లలకు తేనె అసలే కూడదు. కొన్ని ఊళ్లలో పొట్ట మీద వాతలు పెడతారు. అది వైద్యం కాదు, హింస.

గ్రైప్‌వాటర్ మన పెరటి మందు కాదు. 1851లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ తయారుచేసింది. అప్పటి మందులో సోయకూర గింజల నూనె, సోడా, పంచదారతోపాటు ఆల్కహాలూ ఉండేది. పిల్ల ఊరుకోదూ మరి! ఇప్పుడు దొరికే వాటిలో ఆల్కహాలు లేదు, తీపి నాలుకకు తగిలితే ఏ పిల్లయినా క్షణం ఆగుతుంది. షాపుల్లో ఇచ్చే సిమెథికోన్ చుక్కలు ఉత్త నీటి చుక్కల కంటే మెరుగని పరీక్షల్లో తేలలేదు. హాని పెద్దగా లేదు, అంతే. డైసైక్లోమిన్ కలిసిన చుక్కల సంగతి వేరు. ఆరు నెలల లోపు పిల్లలకు అవి పనికిరావు, ఊపిరికే ముప్పు తేవచ్చు. సీసా మీది అట్ట ఒకసారి తిప్పి చదవండి.

మరి అందరూ ‘మా మందుకే తగ్గింది’ అని ఎందుకంటారు? 1954లో అమెరికాలో మోరిస్ వెసెల్ అనే పిల్లల డాక్టరు ఈ ఏడుపుకు మూడ్ల లెక్క ఒకటి చెప్పారు. రోజుకు 3 గంటలకు మించి, వారంలో 3 రోజులకు మించి, 3 వారాలకు మించి సాగితే దాన్ని కోలిక్ అనాలన్నారు. అది సాధారణంగా ఆరో వారం దగ్గర తారస్థాయికి వెళ్లి, మూడు నాలుగు నెలలకు తనంతట తానే పోతుంది. తల్లిపాల పిల్లలకూ వస్తుంది. కాకి వాలడం, తాటిపండు పడడం! తగ్గే రోజుకు ముందు ఏ మందు పట్టి ఉంటే దానికే పేరు. అలా తరతరాలుగా తాటిపండ్లన్నీ కాకుల ఖాతాలోనే పడుతున్నాయి.

అయితే ప్రతి ఏడుపూ కోలిక్ కాదు. పచ్చగా ఆకుపసరులా కక్కినా, మలంలో రక్తం కనిపించినా, మూడు నెలల లోపు పిల్లకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరం వచ్చినా, పాలు ముట్టకపోయినా, పొట్ట రాయిలా బిగుసుకుపోయినా, తాగిన ప్రతిసారీ పిచికారీలా కక్కుతున్నా, బరువు పెరగకపోయినా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి, తెల్లారేదాకా ఆగొద్దు. కొందరు పిల్లలకు ఆవుపాల మాంసకృత్తులే పడవు. ఏ డబ్బాకు మార్చాలో డాక్టరు చెప్పాలి గానీ, వారానికో డబ్బా మారుస్తూ మనం ప్రయోగాలు చేయకూడదు.

డబ్బాపాల ప్రకటనలను మన దేశం 1992లో చట్టం చేసి ఆపింది, 2003లో దాన్ని ఇంకా బిగించింది. డబ్బా మీద పాపాయి బొమ్మ కూడా వేయకూడదు. మంచి చట్టం. తల్లిపాలకు సాటి లేదు, అందులో వాదన లేదు. కానీ ప్రకటన వేరు, పాఠం వేరు. తప్పనిసరై డబ్బా పట్టిన తల్లికి ఎలా కలపాలో పది నిమిషాలు చేసి చూపించడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. సీసా అసలు వద్దు, గిన్నె చెంచాతో పట్టండి అని మన పిల్లల వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. అటక మీది ఉగ్గుగిన్నె ఎలా పట్టుకోవాలో కూడా ఆ పది నిమిషాల్లోనే చూపించవచ్చు. అది చేయకుండా ‘అయ్యో, తల్లిపాలు లేవా’ అని తలో మాటా అంటాం. బాలింత కుంగిపోతుంది. మా అమ్మాయి ఒక సాయంత్రం పిల్లను నా చేతిలో పెట్టి, “నావల్ల కావట్లేదమ్మా” అంటూ బాల్కనీలోకి వెళ్లి నిలబడింది. సరైన పనే చేసింది. ఓపిక నశిస్తే పిల్లను ఉయ్యాల్లో వేసి అయిదు నిమిషాలు పక్కకు పోవాలి, ఎత్తి ఊపేయకూడదు. ఆ ఊపుకు పసి మెదడు దెబ్బతింటుంది.

కొత్త పీక కొన్నాం. చెంచా చదును చేశాం. పూటకు కొలత తగ్గించాం. మూడో రోజుకు మద్దెల కాస్త మెత్తబడింది. ఏడుపు మాత్రం పూర్తిగా పోలేదు. మూడు గంటలది గంటన్నర అయింది, పన్నెండో వారం దాటాక ఒక సాయంత్రం ఆరైనా ఏడుపు వినబడలేదు. నా కొత్త పీక కూడా కాకే కావచ్చు, కాదనను. వామునీళ్ల వల్లేనని పిన్నిగారు, ఇంగువ వల్లేనని వియ్యపురాలు ఇప్పటికీ సంతోషంగా ఉన్నారు.

పోయిన వారం కింది వాటాలోకి ఒక పసిగుడ్డు వచ్చింది. ఆరో గంటకు ఏడుపు వినబడగానే పిన్నిగారు గ్లాసుతో బయల్దేరారు. వెనకాలే నేనూ వెళ్లాను, ఒట్టి చేతులతో. ఆ పిల్ల తల్లి వంటింట్లో పాలడబ్బా మూత తీస్తోంది.

“కలుపమ్మా, చూస్తాను” అన్నాను.