పడవకు తనిఖీ, పిల్లలకు ఈత

2017 నవంబరు 12న భవానీ ద్వీపం నుంచి పవిత్ర సంగమానికి వెళ్తున్న పడవ కృష్ణలో బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. ఆ పడవకు అనుమతే లేదు. రెండేళ్లు తిరక్కుండానే, 2019 సెప్టెంబరు 15న, వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ అనే పడవ మునిగింది. ఈ రెండింటినీ రేవులోనే ఆపగలిగేవాళ్లం. 1917 నాటి చట్టం స్థానంలో 2021లో వచ్చిన అంతర్దేశీయ నౌకల చట్టం రిజిస్ట్రేషన్, తనిఖీ, బీమా అన్నీ అడుగుతోంది. లేనిదల్లా రేవులో తలలు లెక్కపెట్టి, నిండిన పడవను కదలనివ్వని మనిషి. లంక గ్రామాలకు పడవే బస్సు, కట్టుదిట్టం చేస్తే పేద పడవవాడి పొట్ట కొట్టినట్టేనని కొందరంటారు. ఆ మాటలో నిజముంది. అందుకే లైఫ్ జాకెట్ల ఖర్చు ప్రభుత్వం భరించాలి. తనిఖీని మాత్రం సడలించకూడదు.

తనిఖీ ఒక్కటే చాలదు. తెనాలి ఊరి మధ్యనే కాలువలు, రేపల్లె పక్కన కృష్ణ, బాపట్లకు సూర్యలంక సముద్రం. ఇక్కడి పిల్లలు నీళ్లకు దూరంగా పెరగడం జరిగే పని కాదు. అందుకే వాళ్లకు ఈత నేర్పాలి. ఈత వస్తే తెగిస్తారన్న భయం తల్లిదండ్రులకుంది. కానీ బంగ్లాదేశ్‌లో పల్లె చెరువుల్లోనే వెదురు తడికెలు కట్టి, పాతిక మీటర్లు ఈదడం, అర నిమిషం తేలడం, గట్టు మీది నుంచే మునిగేవాళ్లకు కర్ర అందించడం నేర్పారు. నేర్చుకున్న పిల్లల్లో మునక మరణాలు బాగా తగ్గాయి. అలాగని గజ ఈతగాడైనా లైఫ్ జాకెట్ వేసుకోవాల్సిందే. సూర్యలంక అలల ముందు చెరువు ఈత ఆగదు.

వేసవి సెలవులకు ముందే మీ బడి కమిటీలో పిల్లలకు ఈత నేర్పే విషయం లేవనెత్తండి.