రోహిణి దాటిన తొట్టికే ఎనిమోన్

ఉప్పునీటి తొట్టి పెట్టుకున్న ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు ఎనిమోన్ మాట వస్తుంది. 2003లో వచ్చిన 'ఫైండింగ్ నీమో' చూసిన పిల్లలుంటే మరీ తొందరగా వస్తుంది. తెల్లచారల నారింజరంగు క్లౌన్ చేప ఒక్కటే తిరుగుతుంటే వెలితిగా ఉంటుంది. అది దూరి పడుకునే ఆ మెత్తని తీగల గుబురు, అంటే ఎనిమోన్ అనే సముద్రజీవి, కూడా ఉంటే బాగుండుననిపిస్తుంది. తొట్టి పెట్టి ఆరు నెలలు, వీలైతే ఏడాది గడిచాక తెచ్చుకోమని ఈ విద్యలో అనుభవజ్ఞులు చెబుతారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఇళ్లకు ఈ నెలల లెక్క చాలదు. నవంబరు మొదట్లో నింపిన తొట్టికి ఏప్రిల్ చివరికి ఆరు నెలలు నిండుతాయి. మన దగ్గర అసలు పరీక్ష అప్పటికింకా మొదలే కాదు. అందుకే ఒక రోహిణి కార్తె పూర్తిగా దాటని తొట్టిలో ఎనిమోన్ పెట్టవద్దంటాను.

రోహిణిలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. బయట 43, 44 డిగ్రీలు కాస్తుంటే ఏసీ లేని మిద్దె గదిలో తొట్టినీళ్లు 32, 33 దాకా పోతాయి. ఎనిమోన్‌కు హాయిగా ఉండేది 25 నుంచి 27 డిగ్రీల మధ్య. దాని ఒంట్లో కంటికి కనపడనంత చిన్న నాచు కాపురముంటుంది. వెలుతురుతో ఆ నాచు తయారుచేసే చక్కెరే దాని తిండిలో పెద్ద వాటా. నీళ్లు వేడెక్కి కొన్నాళ్లు అలాగే ఉంటే ఎనిమోన్ ఆ నాచును బయటికి వదిలేస్తుంది. అప్పుడు తెల్లబడి, చిక్కిపోయి, మెల్లగా కరిగిపోతుంది. పగడాలకు జరిగేదీ ఇదే. 1986లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన మన్నార్ సింధుశాఖ దీవుల చుట్టూ 1998, 2010, 2016 వేసవుల్లో పగడాలు ఇలాగే తెల్లబడ్డాయి. అక్కడ సముద్రమే చల్లగా నిలవలేకపోయినప్పుడు 200 లీటర్ల గాజు తొట్టి తనంతట తాను నిలుస్తుందనుకోవడం అత్యాశే.

నీళ్లను చల్లబరిచే చిల్లర్ కొనలేనివాళ్లు తొట్టి మీద ఫ్యాను పెడతారు. మన సీమలో ఎండ పొడిగా ఉంటుంది కాబట్టి ఫ్యాను బాగానే పనిచేస్తుంది, రెండు మూడు డిగ్రీలు దించుతుంది. చెన్నై ఉక్కలో ఆ మేలు దక్కదు. అయితే ఆ చల్లదనం నీళ్లు ఆవిరైతే వచ్చేది. నీళ్లు పోతాయి, ఉప్పు మిగిలిపోతుంది. 200 లీటర్ల తొట్టిలో 10 లీటర్లు ఆవిరైతే లీటరుకు 35 గ్రాములున్న ఉప్పు దాదాపు 37కు చేరుతుంది. చేప ఎలాగో ఓర్చుకుంటుంది కానీ ఎనిమోన్ ఒళ్లంతా నీళ్లే, ఆ తేడా దానికి నేరుగా తగులుతుంది. కాబట్టి తగ్గిన నీళ్లను ఏ పూటకాపూట మంచినీళ్లతో నింపాలి. పెళ్లికో తిరునాళ్లకో రెండు రోజులు ఊరెళితే ఆ పని ఎవరు చేస్తారు? మట్టం తగ్గగానే దానంతటదే నీళ్లు వదిలే ఆటో టాప్-ఆఫ్ పరికరం లేని ఇంట్లో నేనైతే ఎనిమోన్ ఆలోచనే చేయను.

నింపే నీళ్లు ఎలాంటివన్నది ఇంకా పెద్ద విషయం. జమ్మలమడుగు చుట్టూ నేలంతా నాపరాయి. పులివెందుల, వేంపల్లె వైపు డోలమైట్. సుమారు 190 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ లోతులేని సముద్రం ఉండేది. అందులో సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన గుట్టలు, స్ట్రోమటోలైట్లు, వేంపల్లె రాళ్లలో నేటికీ కనిపిస్తాయి. ఆ రాళ్ల సందుల్లోంచి వచ్చిన బోరు నీళ్లలో సున్నం దండిగా ఉంటుంది, కొన్నిచోట్ల ఫ్లోరైడ్ కూడా. రోజూ ఆ నీళ్లే పోస్తే ఆవిరైనప్పుడల్లా అవన్నీ తొట్టిలో పేరుకుంటాయి. ఇంట్లో తాగే ఆర్‌ఓ మిషన్ నీళ్లూ చాలవు. రుచి కోసం వాటిలో కొంత ఖనిజం ఉంచుతారు, కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు ముంచితే 50, 80 అని చూపిస్తుంది. తొట్టికి పోసే నీళ్లలో ఆ అంకె సున్నా ఉండాలి. ఆర్‌ఓ తర్వాత, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెసిన్ గొట్టం ఒకటి బిగించుకుంటే ఆ సున్నా వస్తుంది. అంగట్లో కొనే 20 లీటర్ల క్యాను నీళ్లను కూడా మీటరు పెట్టి చూడకుండా పోయకండి.

ఇక కరెంటు. మే సాయంత్రాల్లో గాలివాన లేచి తీగలు తెగితే ఎప్పుడొస్తుందో చెప్పలేం. వేడి నీళ్లలో ఆక్సిజన్ అసలే తక్కువ నిలుస్తుంది. తొట్టినీళ్లను కదిలించే వేవ్‌మేకర్‌ను ఇన్వర్టర్ లాగుతుంది, చిల్లర్‌ను చాలా ఇళ్ల ఇన్వర్టర్లు లాగలేవు. నేను చెప్పే పరీక్ష ఇది: ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం, మీరు ఇంట్లో ఉన్నప్పుడే, తొట్టికి కరెంటు ఆపేసి బ్యాటరీ ఎయిర్‌పంపు మాత్రం పెట్టి నాలుగు గంటలు చూడండి. గంటగంటకూ వేడి రాసుకోండి. ఆ కాగితం చూస్తే మీ తొట్టి సంగతి మీకే తెలుస్తుంది.

టెస్ట్ కిట్‌తో ఒకరోజు చూసి అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా అని సంబరపడితే సరిపోదు. నైట్రేట్ 10 లోపు, ఆల్కలినిటీ 8 నుంచి 10 డీకేహెచ్ మధ్య, ఉప్పు 35 దగ్గర వారాల తరబడి కదలకుండా ఉన్నాయా అన్నదే చూడాలి. చేపల జబ్బుకు ఎప్పుడైనా రాగి మందు పోసిన తొట్టి అయితే ఎనిమోన్ ఆశ వదులుకోండి. రాళ్లలో ఇంకిన రాగి వెన్నెముక లేని జీవులకు విషం.

ఇంత పట్టుబట్టడానికి కారణముంది. 1828లో ప్రకృతి శాస్త్రజ్ఞుడు సర్ జాన్ గ్రాహం డాల్యెల్ స్కాట్లండ్ తీరంలో తీసిన ఒక ఎనిమోన్ ఎడిన్‌బరోలో ఒక గాజు జాడీలో 1887 దాకా బతికింది. ఆయన పోయాక కూడా చేతులు మారుతూ బతికింది. చల్లనీటి జాతి, చిన్న పాత్ర, విద్యుత్తు పరికరమేదీ లేదు. నీళ్లు మార్చే మనిషి ఉన్నాడు, అంతే. దశాబ్దాలు బతకగల ప్రాణిని తెచ్చి మూడు నెలల్లో చంపుకోవడం నాకు మింగుడుపడదు. పైగా అంగళ్లకు వచ్చే ఎనిమోన్లలో చాలావరకు సముద్రంలోంచి పెకలించి తెచ్చినవే. ఇళ్లలోనే రెండుగా చీలి పెరిగే బబుల్ టిప్ జాతి పిల్ల ఏ తోటి పెంపకందారు దగ్గరైనా దొరికితే దానికోసం ఆగండి. పగడాల సంగతి వేరే. దిబ్బలు కట్టే రాతి పగడాలను 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. అంగడివాడు ఏం చెప్పినా వాటి జోలికి పోవద్దు.

క్లౌన్ చేపకు ఎనిమోన్ లేకపోతే దిగులని చాలామంది అనుకుంటారు. సముద్రంలో శత్రువుల నుంచి కాపాడుకోవడానికి దానికి ఆ నీడ కావాలి. తొట్టిలో తరిమేవాళ్లు ఎవరూ లేరు. తమిళనాడులోని మండపం ఊళ్లో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వారు హేచరీలో క్లౌన్ పిల్లలను పుట్టించి పెంచారు. అలా పెరిగిన చేప ఎనిమోన్ ముఖం చూడకుండానే నిండుగా బతుకుతుంది. కాబట్టి మీ మొదటి రోహిణిలో నీళ్లు 28 దాటి రోజుల తరబడి నిలిచాయంటే ఇంకో ఏడాది ఆగడం వల్ల చేపకు వచ్చే నష్టమేమీ లేదు.

తొట్టి రోహిణిని క్షేమంగా దాటిందనుకోండి, ఎనిమోన్‌ను కార్తీకం నుంచి సంక్రాంతి లోపు తెచ్చుకోండి. చెన్నై నుంచో బెంగళూరు నుంచో రాత్రి బస్సులో వచ్చినా సంచిలో నీళ్లు వేడెక్కవు, మళ్లీ ఎండలు వచ్చేలోగా దానికి కుదురుకునే వ్యవధి ఉంటుంది. కొనేటప్పుడు నోరు బిగుసుకుని ఉందా, పాదం చిరగలేదా, తీగలు వేలికి అంటుకుంటున్నాయా చూడండి. పాలలాంటి తెలుపున్నదీ, నిమ్మపండు పసుపున్నదీ వద్దు. మొదటిది నాచు పోగొట్టుకున్నది, రెండోది చాలాసార్లు రంగు వేసినది. ఇంటికొచ్చాక అది నచ్చిన చోటు దొరికేదాకా తొట్టంతా తిరుగుతుంది, కాబట్టి ముందురోజే వేవ్‌మేకర్ల నోళ్లకు స్పాంజో జాలీయో కట్టి ఉంచండి. మొదటి వారం తిండి పెట్టకండి. నోరు తెరుచుకుని వేలాడుతూ కుళ్లు వాసన వస్తే మాత్రం రేపు చూద్దామనుకోకుండా ఆ పూటే తీసేయండి. లేదంటే అది వదిలే అమ్మోనియాకు తొట్టిలో చేపలన్నీ పోతాయి.