బొగ్గు ఎక్కడ కాలినా వేడి ఇక్కడికీ వస్తుంది

ఆస్ట్రేలియాలోని హంటర్ లోయలో మౌంట్ ప్లెజెంట్ బొగ్గు గని విస్తరణకు 2022లో ఇచ్చిన అనుమతిలో లోపముందని న్యూ సౌత్ వేల్స్ అప్పీలు కోర్టు 2025 జులైలో తేల్చింది. ఆ బొగ్గులో చాలా భాగం కాలేది విదేశాల్లోనే. కానీ ఆ పొగ పెంచే వేడి గని పక్కనున్న మస్వెల్‌బ్రూక్ మీద, అక్కడి ద్రాక్షతోటల మీద, గుర్రాల మేతబీళ్ల మీద పడితే ఏమవుతుందో అనుమతించినవారు చూడలేదు. తీర్పు సబబే. గని తవ్వకం గడువును 2026 నుంచి 2048కి జరపడం కాగితం మీద పాత గనికి మార్పులా కనిపించొచ్చు. ఆ 22 ఏళ్లలో తవ్వే ప్రతి టన్నూ మాత్రం కొత్త బొగ్గే. మేం తవ్వకపోతే మరొకరు తవ్వుతారని గని కంపెనీలు అంటాయి. 2019లో రాకీ హిల్ గని కేసులో న్యాయమూర్తి బ్రయాన్ ప్రెస్టన్ ఆ వాదనను ఆధారం లేనిదిగా తోసిపుచ్చారు. ఒక్క గని పొగతో ఎన్ని డిగ్రీలు పెరుగుతుందో విడదీసి చెప్పలేమన్నది నిజమే, కానీ విడదీయలేని వాటాను సున్నాగా రాసుకోవడం లెక్క కాదు, ఎగవేత.