పిల్లల ఆటకు సడలింపు ఎన్నడు?



కరోనా ఆంక్షలు తొలగి కొన్ని సంవత్సరాలు గడచినవి. మా భివండీలో మరమగ్గాలు, మావారి మాటలో సాంచలు, ఎప్పటివలె మ్రోగుచున్నవి. బజారులు, పెండ్లి మండపాలు కిటకిటలాడుచున్నవి. కాని ఆనాడు వీధి విడిచి ఇంటిలోనికి వెళ్లిన పిల్లలు మాత్రం నేటికీ పూర్తిగా బయటికి రాలేదు. ఈ సంగతి తమ పత్రిక ద్వారా పెద్దల దృష్టికి తేగోరుచున్నాను.

2020 మార్చిలో బడులు మూసిరి. ఆ నెల 25వ తేదీ నుండి దేశమంతటా లాక్‌డౌను వచ్చినది. వ్యాధి భయంకరమైనది, మూయుట తప్పని నేను అనను. నా ఫిర్యాదు తెరచిన క్రమాన్ని గురించి. సాంచలు ఆ సంవత్సరమే కొన్ని కొన్నిగా నడువసాగినవి. మహారాష్ట్రలో ఒకటి నుండి నాలుగవ తరగతి వరకు పిల్లలు బడి మెట్లెక్కుటకు 2021 డిసెంబరు రావలసి వచ్చినది. 2022 జనవరిలో మరల కొన్నాళ్లు మూత.

మా నాగావ్‌లో పెక్కు కార్మిక కుటుంబాలకు ఇల్లనగా ఒక్క గది. పన్నెండు గంటల రాత్రి పాళీ చేసి వచ్చిన తండ్రి పగలు ఆ గదిలోనే నిద్రించవలెను. పూర్వం తల్లి, "నాయిన పండుకున్నడు, బయట ఆడుకో బిడ్డా" అని పంపెడిది. సాంచలు నడిచి, బడి మూతపడిన ఆ దినాలలో అట్లు పంపుటకు వీలులేక, చేతికి సెల్‌ఫోను ఇచ్చి "సప్పుడు చేయకు" అన్నది. సందు చేసిన పని ఫోను చేయసాగినది. పాఠం కూడ అందులోనే వచ్చుటచే ఏది చదువో, ఏది కాలక్షేపమో తేల్చుట చదువురాని తల్లిదండ్రులకు అలవి కాలేదు.

కేంద్ర విద్యాశాఖ 2020 జూలైలో వెలువరించిన 'ప్రజ్ఞాత' సూచనలలో, ఎనిమిదవ తరగతి వరకు దినానికి 30 నుండి 45 నిమిషాల పాఠాలు రెండింటికి మించరాదన్నారు. మంచిదే. కాని పాఠం ముగిసిన పిమ్మట ఫోను ఎవరు తీసికొందురు? 5 నుండి 17 ఏండ్లవారికి దినానికి సగటున 60 నిమిషాలైనా ఒళ్లు వంచి ఆడుట అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. స్పెయినులో పిల్లలను ఆరు వారాలు ఇల్లు కదలనీయలేదు. అయినను 2020 ఏప్రిల్ 26 నుండి వారికై దినానికొక గంట ప్రత్యేకంగా విడిచిరి. మన దేశంలోనో, సడలింపులు మొదలైన తరువాత కూడ పదేండ్లలోపువారు అత్యవసరానికి తప్ప ఇల్లు కదలరాదనియే ఉత్తర్వు.

ఇపుడు పిల్లలను తిట్టి ప్రయోజనం లేదు. ఫోను లాగికొనిన తల్లి వానికి ఆడుకొనుటకు చోటు చూపవలెను గదా! సందులలో నూలు మూటలు దించు టెంపోలు తప్ప చోటేదీ?

నగర మహాపాలికవారు ఆవరణ గల తమ పాఠశాలలను సాయంత్రం రెండు గంటలు పిల్లలకు తెరచియుంచవలెనని నా మనవి. కనిపెట్టియుండుటకు వంతులవారీగా ఇద్దరు పెద్దలను పంపుట మన తెలుగు సంఘాలకు భారం కాదు. ఇందుకు పెద్ద ఖర్చు లేదు. తాళం తీయుటయే కావలసినది. సంబంధించినవారు ఆలోచింతురని ఆశించుచున్నాను.

ఒక సాంచల కార్మికుడు,
నాగావ్ (భివండీ)