నగరం మారేముందు నాలుగో తరగతి లెక్క

హైదరాబాద్‌లో ఉండిపోవడం మేలా, వరంగల్‌కు వెళ్లి స్థిరపడడం మేలా అన్న చర్చ కొన్నేళ్లుగా పత్రికల్లో, టీవీల్లో తిరిగి తిరిగి వస్తోంది. వరంగల్ శివారు మడికొండలో ఐటీ కంపెనీలు తెరిచినప్పుడు వచ్చింది. అక్కడి మామునూరు విమానాశ్రయానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చినప్పుడు మళ్లీ వచ్చింది. వచ్చిన ప్రతిసారీ అదే పట్టిక: ఇంటి అద్దె, ట్రాఫిక్, బడి ఫీజులు, పెద్దాసుపత్రులు, గాలి, నీళ్లు. ర్యాంకుల ప్రస్తావన కూడా తప్పదు. కేంద్రం 2021 మార్చిలో ప్రకటించిన నివాస సౌలభ్య సూచీ 10 లక్షలకు పైబడిన జనాభా ఉన్న నగరాలకు ఒక జాబితా, అంతకు లోపు ఉన్నవాటికి వేరే జాబితా ఇచ్చింది. హైదరాబాద్ మొదటి దానిలో, వరంగల్ రెండో దానిలో ఉన్నాయి. వేర్వేరు పరీక్షలు రాసిన ఇద్దరు పిల్లల ర్యాంకులను పక్కపక్కన పెట్టి ఎవరు మెరుగో తేల్చలేం కదా. ఇంతకన్నా పెద్ద లోపం మరొకటి ఉంది. తెలంగాణలో ఒక కుటుంబం ఒక నగరం నుంచి మరో నగరానికి మారితే ప్రభుత్వ ఉద్యోగాల భర్తీలో ఆ ఇంటి పిల్లల స్థానికత కూడా మారవచ్చు. అద్దె ఎక్కువైతే వచ్చే ఏడాది చిన్న ఇల్లు చూసుకోవచ్చు. స్థానికత అలా కాదు, ఒకసారి ఖాయమైతే జీవితాంతం ఉంటుంది. ఈ సంగతి ఆ పట్టికల్లో ఎక్కడా కనబడదు.

రాజ్యాంగంలోని 371డి అధికరణం కింద 2018 ఆగస్టులో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులు తెలంగాణను జిల్లాలు, ఏడు జోన్లు, రెండు మల్టీ జోన్లుగా విభజించాయి. కొత్త జిల్లాలు చేరాక 2021లో వాటిని సవరించారు. జిల్లా, జోన్, మల్టీ జోన్ స్థాయి పోస్టుల్లో నేరుగా భర్తీ చేసేవాటిలో 95 శాతం స్థానిక అభ్యర్థులకే. మిగిలిన 5 శాతానికే ఎవరైనా పోటీపడవచ్చు. ఇప్పుడు మన రెండు నగరాలను ఈ పటం మీద చూడండి. వరంగల్, హనుమకొండ జిల్లాలు భద్రాద్రి జోన్‌లో, మొదటి మల్టీ జోన్‌లో ఉన్నాయి. హైదరాబాద్ చార్మినార్ జోన్‌లో, రెండో మల్టీ జోన్‌లో ఉంది. అంటే రైల్లో రెండు మూడు గంటల ప్రయాణం జిల్లాను, జోన్‌ను, మల్టీ జోన్‌ను మూడింటినీ దాటిస్తుంది. టీచర్ పోస్టు నుంచి జూనియర్ లెక్చరర్ పోస్టు దాకా ఏ మెట్టు మీదా ఈ రెండు నగరాల పిల్లలు ఒకే స్థానిక కోటాలోకి రారు.

ఆ స్థానికతను దేన్ని బట్టి తేలుస్తారన్నదే అసలు విషయం. ఇక్కడ చరిత్రలోకి కొంత వెళ్లక తప్పదు. నిజాం కాలంలో 1919లో వచ్చిన ముల్కీ నిబంధనలు నివాసాన్ని లెక్కపెట్టాయి. పదిహేనేళ్లు ఇక్కడ ఉన్నవాడు ముల్కీ. నివాసం కాగితాల మీద సృష్టించడం తేలిక కాబట్టి దొంగ ధ్రువపత్రాలు పుట్టుకొచ్చాయి. 1969 నాటి తెలంగాణ ఉద్యమం వెనుక ఉన్న మంటల్లో అదొకటి. సుప్రీంకోర్టు 1972లో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని తీర్పు ఇవ్వగానే కోస్తాలో జై ఆంధ్ర ఉద్యమం లేచింది. ఆ రెండు ఉద్యమాల తర్వాత 1973లో ఆరు సూత్రాల పథకం, దాని ఫలితంగా 32వ రాజ్యాంగ సవరణ, 371డి అధికరణం, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. 1975 ఉత్తర్వులు చేసిన మేలు ఒకటుంది. అవి నివాసాన్ని వెనక్కి నెట్టి బడిని ముందుకు తెచ్చాయి. అభ్యర్థి ఎక్కడ ఉన్నాడని అడగకుండా ఎక్కడ చదివాడని అడిగాయి. అమలు సరిగ్గా జరగలేదన్నది వేరే కథ. ఆ ఉల్లంఘనలను సరిదిద్దడానికి 1985 డిసెంబరులో 610 జీవో ఇవ్వాల్సి రావడమే దానికి సాక్ష్యం. అయినా బడి రిజిస్టరు అద్దె రసీదు కంటే నమ్మదగినది. ఆ సూత్రం ఈనాటికీ నిలిచింది.

మారింది ఏ తరగతులు లెక్కలోకి వస్తాయన్నది. పాత ఉత్తర్వుల్లో పదో తరగతి నుంచి వెనక్కి లెక్కించేవారు. పది పరీక్ష రాసిన ఏడాదితో ముగిసే నాలుగు వరుస సంవత్సరాలు ఒకేచోట చదివితే అక్కడ స్థానికుడు. లేదంటే ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడ. అందుకే వరంగల్ నుంచి ఆరో తరగతికో ఏడో తరగతికో హైదరాబాద్ బడిలో చేరిన పిల్లవాడు పాత లెక్కలో హైదరాబాద్ స్థానికుడయ్యేవాడు. 2018 ఉత్తర్వుల కొత్త లెక్క ఒకటో తరగతి నుంచి ఏడో తరగతి దాకా మాత్రమే చూస్తుంది. ఆ ఏడేళ్లలో కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడే స్థానికత. ఈ మార్పు చిన్నగా కనిపిస్తుంది కానీ ఊరు మారే కుటుంబానికి అంతా తలకిందులవుతుంది. హనుమకొండలో నాలుగో తరగతి దాకా చదివిన పాప ఐదు నుంచి డిగ్రీ దాకా హైదరాబాద్‌లో చదివినా హనుమకొండ స్థానికురాలే. అదే పాప మూడో తరగతి ముగియగానే హైదరాబాద్ వచ్చి నాలుగు నుంచి ఏడు అక్కడ చదివితే హైదరాబాద్ స్థానికురాలవుతుంది. ఒక్క తరగతి తేడా. తిరుగు ప్రయాణం సంగతీ అంతే. అద్దె భారం తగ్గుతుందని, ఇంటికి దగ్గరవుతామని ఐదో తరగతిలో ఉన్న పిల్లలతో వరంగల్ వెళ్లే కుటుంబానికి, ఆ పిల్లలు అక్కడే పెరిగి అక్కడే డిగ్రీ చదివినా వరంగల్ జిల్లా పోస్టులకు స్థానికేతరులుగానే మిగులుతారని ఎవరూ చెప్పడం లేదు. ఇంటికి తిరిగి రమ్మని పిలిచే కథనాలన్నీ ఇక్కడ మౌనంగా ఉన్నాయి.

పైగా నగరం అనే పేరు ఈ లెక్కలో మోసం చేస్తుంది. 2021 ఆగస్టులో జిల్లాల పునర్వ్యవస్థీకరణ తర్వాత వరంగల్ మహానగరం రెండు జిల్లాల మధ్య చీలిపోయింది. కాజీపేట, హనుమకొండ ఒక జిల్లా, ఖిలా వరంగల్ మరో జిల్లా. ఊళ్లోనే బడి మారితే జిల్లా స్థానికత మారే అవకాశం ఉంది, జోన్ మాత్రం మారదు. జనం హైదరాబాద్ అని పిలిచే చోట ఇది ఇంకా చిక్కు. అమీర్‌పేట హైదరాబాద్ జిల్లా, కూకట్‌పల్లి మేడ్చల్-మల్కాజిగిరి, కొండాపూర్ రంగారెడ్డి, పటాన్‌చెరు సంగారెడ్డి. నాలుగూ చార్మినార్ జోన్‌లోనే ఉన్నా జిల్లా పోస్టుల దగ్గర నాలుగు వేర్వేరు ప్రాంతాలు. వరంగల్‌లో మూడేళ్లు, కూకట్‌పల్లిలో రెండేళ్లు, కొండాపూర్‌లో రెండేళ్లు చదివిన పిల్లవాడికి చార్మినార్ జోన్‌లో నాలుగేళ్లు నిండుతాయి కానీ ఏ ఒక్క జిల్లాలోనూ నిండవు. అద్దె కోసం వీధి మారినంత తేలిగ్గా బడి మార్చేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణ గుర్తుంచుకుంటే చాలు.

ప్రభుత్వ ఉద్యోగాలు ఎన్ని ఉన్నాయని, వాటి కోసం ఇంత లెక్క ఎందుకని కొందరు అడుగుతారు. ఉన్నవి తక్కువే. ఎక్కువమంది యువత ప్రైవేటు కొలువుల్లోనే బతుకుతారు. కానీ ఈ ప్రశ్న వేసేది ఎక్కువగా ఆ కొలువులు అందుబాటులో ఉన్న ఇళ్లవాళ్లే. టీచరు, కానిస్టేబులు, జూనియర్ అసిస్టెంటు పోస్టు కోసం ఏళ్ల తరబడి గదుల్లో చదువుకునే పిల్లలున్న ఇళ్లలో ఇది పక్కన పెట్టదగిన అంశం కాదు. ఏడేళ్ల పిల్ల పెద్దయ్యాక ఏ కొలువు కోరుకుంటుందో తల్లిదండ్రులకు ఇప్పుడు తెలియదు. తెలియనప్పుడు దారి మూసుకుపోకుండా చూడడమే వివేకం. హైదరాబాద్ స్థానికతకూ విలువ ఉంది, దాన్ని నేను కాదనడం లేదు. ఏది కావాలో తెలిసి ఎంచుకోవాలన్నదే వాదన.

దేశంలో ఎక్కడైనా నివసించే హక్కు రాజ్యాంగం ఇచ్చినప్పుడు, రాష్ట్రం లోపలే ఊరు మారినందుకు పిల్లలకు శిక్షేమిటన్న అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. 2021 డిసెంబరు నాటి 317 జీవోతో ప్రభుత్వమే ఉద్యోగులను సీనియారిటీ ప్రకారం కొత్త జిల్లాలకు కేటాయించినప్పుడు ఈ బాధ నిజంగానే కనిపించింది. తల్లి ఒక జిల్లాకు, తండ్రి మరో జిల్లాకు వెళ్తే పిల్లల బడి ఎక్కడ? అలా సర్కారు నిర్ణయంతో కదిలిన కుటుంబాల పిల్లలకు వెసులుబాటు ఉండాలి. కానీ మూల సూత్రాన్ని శిక్ష అనడం సరికాదు. ఉత్తర్వులు ఎవరినీ ఊరు మారవద్దనలేదు. ఊరు మారే స్తోమత లేక పరకాలలోనో నర్సంపేటలోనో సర్కారు బడిలో ఏడో తరగతి దాకా చదివిన పిల్ల, తన జిల్లా పోస్టుకు మహానగరపు కోచింగ్ సెంటర్ల నుంచి వచ్చినవారితో సమానంగా పోటీపడాలనడమే అసలు అన్యాయం. ఒకటి నుంచి ఏడు తరగతుల లెక్క ఆమెకు రక్ష. ఆమెలాంటి పిల్ల ఆరో తరగతికే హైస్కూలు కోసం నగరానికి వెళ్లినా సొంత జిల్లాలో హక్కు పోదు, పాత లెక్కలో అది పోయేది. పాత లెక్క కన్నా కొత్త లెక్క న్యాయమైనదని నేను చెప్పేది ఇందుకే.

ఇంత ముఖ్యమైన విషయం కుటుంబాలకు నోటిఫికేషన్ వచ్చాక, అదీ స్టడీ సర్టిఫికెట్ల కోసం బడి చుట్టూ తిరిగేటప్పుడు తెలియడం పాలనా వైఫల్యం. ఏడో తరగతి లోపు పిల్లలకు ఇచ్చే ప్రతి టీసీ మీద, ఆ బడి ఏ జిల్లాలో, ఏ జోన్‌లో ఉందో, అక్కడ ఎన్ని తరగతులు పూర్తయ్యాయో విద్యాశాఖ తప్పనిసరిగా ముద్రించాలి. రెండు నగరాల పట్టిక వేసే పత్రికలు అద్దె పక్కన ఈ వరుస కూడా చేర్చాలి. సామాను సర్దేముందు తల్లిదండ్రులు పిల్లల ప్రోగ్రెస్ కార్డు తీసి, ఎక్కడ ఎన్ని తరగతులు నిండాయో ఒకసారి లెక్క చూసుకోవాలి.