పెంటకుప్పయు పాఠశాలయు

వరంగల్లు జిల్లా నర్సంపేట పరిసరములలో శిశిరము వచ్చినదనగా వేప, కానుగ, టేకు చెట్లు ఆకు రాల్చ నారంభించును. పాఠశాలల ఆవరణలు, ఇండ్ల పెరళ్ళు, వీధుల అంచులు ఎండుటాకులతో నిండిపోవును. వానిని ఊడ్చి ఒక మూలకు చేర్చి అగ్గిపుల్ల గీయుటయే శుభ్రత యని చాలమంది యభిప్రాయము. పొగ లేచును, కండ్లు మండును, కొంతసేపటికి పిడికెడు బూడిద మిగులును. ఆవరణ చూచుటకు శుభ్రముగనే యుండును. కాని ఏడాది పొడవున చెట్టు గాలినుండియు నేలనుండియు కూడబెట్టిన కర్బనము, నత్రజని ఆ పొగలో కలిసిపోయినవను సంగతి, ప్రక్క గదిలో వృక్షశాస్త్రము బోధించుచున్న ఉపాధ్యాయునికైనను తోచకుండుట విచిత్రము.

పూర్వమిట్లు లేదు. ఈ ప్రాంతములో రైతు ఇంటి వెనుక పెంటకుప్ప యుండెడిది. పేడ, పశువులు తినగా మిగిలిన చొప్ప, పొయ్యిలోని బూడిద, కూరగాయల తొక్కలు, వాకిలి ఊడ్చిన చెత్త అన్నియు అందులోనే పడెడివి. ఎండకాలములో దానిని బండ్లకెత్తి చేలకు తోలెడివారు. పెంట యను మాట నేడు తిట్టుగా దిగజారినది గాని, సేద్యగాని నోట అది ఎరువునకే పేరు. పశువులు తగ్గి ట్రాక్టర్లు పెరిగిన కొలది ఈ కుప్పలు సన్నగిల్లినవి. ఇంటిచెత్త మాత్రము తగ్గలేదు. అది ప్లాస్టిక్ సంచులలో ముడివడి మురుగుకాలువను చేరుచున్నది.

దీనివలన నష్టపోవునది మొదట నేలయే. నర్సంపేట చుట్టును మిరప, పత్తి, మొక్కజొన్న, వరి పండును. వరంగల్లు చపాటా మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు లభించినది. పంటకు కీర్తి వచ్చినది గాని, దానిని పండించు నేలకు తిండి యెక్కడిది? చెల్క నేలలలో సేంద్రియ పదార్థము స్వతహాగా తక్కువ. వాన వెలసి ఎండ కాయగనే పైపొర అట్టకట్టును, పదును నిలువదు. అట్టి నేలకు ఏటేట రసాయనపు ఎరువును మాత్రమే అందించుట, రోగికి అన్నము మాని మందు మాత్రమే పోయుట వంటిది. 2025 వర్షాకాలములో తెలంగాణములోని పలు జిల్లాలలో యూరియా కొరకు రైతులు తెల్లవారుజామునుండి బారులు తీరి నిలిచిన దృశ్యము పిల్లలు కూడ చూచినదే.

అయితే ఇంటిఎరువు యూరియాకు బదులు కాగలదని కొందరు ఉత్సాహవంతులు చెప్పుమాట నమ్మదగినది కాదు. ఈ లెక్క విద్యార్థులే వేయవచ్చును. యూరియా సంచి 45 కిలోలు. అందులో నత్రజని 46 శాతము. అనగా 20 కిలోలకు పైచిలుకు. ఇంటిఎరువులో నత్రజని సుమారు ఒక శాతమనుకొన్నను, ఒక్క సంచికి సాటిరావలెనన్న రెండు టన్నులకు మించి కావలెను. అదియు మొక్కకు ఒకేమారు అందదు. మరి దాని ప్రయోజన మేమి? మట్టి కణములను కూర్చి, తడిని పట్టియుంచి, వానపాములకును సూక్ష్మజీవులకును ఆహారమిచ్చుట. ఆ పని యూరియా చేయజాలదు. రెంటిని పోటీకి నిలిపి ఒకదానిని దేవునిగా, ఒకదానిని దయ్యముగా చిత్రించుట విజ్ఞానము కాదు.

చెత్తను ఎరువుగా మార్చు శాస్త్రము మన దేశమునుండియే లోకమునకు చేరినదన్నను తప్పులేదు. 1924 మొదలు 1931 వరకు ఇండోరులో పనిచేసిన ఆల్బర్ట్ హోవర్డు, చీనా రైతుల అలవాట్లను చదివి, ఇచ్చటి రైతుల నేర్పును చూచి, పొరలు పొరలుగా కుప్పవేసి నియమితముగా తిరుగవేయు పద్ధతిని రూపొందించెను. సహచరుడు యశ్వంత్ వాడ్‌తో కలిసి 1931లో దానిని గ్రంథముగా ప్రకటించెను. అదియే ఇండోరు పద్ధతి. 1939లో బెంగుళూరున ఆచార్య అను శాస్త్రజ్ఞుడు మరియొక మార్గము చూపెను. అందులో తిరుగవేయు శ్రమ లేదు. మట్టితో మెత్తి మూసివేయుటయే. కాలము మాత్రము ఆరేడు నెలలు పట్టును.

ఇందులోని కిటుకు కొంచెమే. ఎండుటాకులో కర్బనము హెచ్చు; కూరగాయల తొక్కలలో, పచ్చిగడ్డిలో, పేడలో నత్రజని హెచ్చు. సూక్ష్మజీవులకు కర్బనము ముప్పది పాళ్ళకు నత్రజని ఒక పాలు చొప్పున దొరికిన అవి విజృంభించి పనిచేయును. త్రాసు అక్కరలేదు. ఒక బుట్ట తొక్కలకు రెండు మూడు బుట్టల ఎండుటాకు చాలును. కుప్ప ఎటుచూచినను ఒక గజమునకు తక్కువ గాకుండ చెట్టునీడలో వేయవలెను; గుంటలో వేసిన వానకాలమున నీరు నిలిచి కుళ్ళును. పిడికిట పట్టి పిండిన ఒకటి రెండు చుక్కలు రాలునంత తడి యుండవలెను. అన్నియు కుదిరిన కొద్ది రోజులలోనే నడిమి వేడి 55 డిగ్రీలు దాటును. ఉష్ణమాపకమును కుప్పలో గ్రుచ్చి ఆ యంకెలను పలకపై వ్రాయు పిల్లవానికి, ప్రాణము వేడిని పుట్టించునను పాఠము మరల చెప్పనక్కరలేదు. ఘాటైన వాసన వచ్చిన ఎండుటాకు చాలలేదని గ్రహింపవలెను. కుళ్ళిన గ్రుడ్డు వాసన వచ్చిన గాలి అందుట లేదు, తిరుగవేయవలెను. పచ్చడికాయ తొడిమలు, గ్రుడ్డు పెంకులు నిస్సందేహముగా వేయవచ్చును. మధ్యాహ్న భోజనములో మిగిలిన అన్నమును కొద్దిగా, నడుమ పూడ్చవలెను. మాంసము, ఎముకలు వేసిన కుక్కలు, ఎలుకలు చేరును. వయ్యారిభామను పూతకు ముందే పెరికి వేయవలెను. గింజ పట్టినదానిని వేసిన, తోటంతట దానినే నాటినట్లగును.

ఇంత సులభమైనది ఎందుకు సాగుట లేదు? 2019లో ఆరంభమైన పల్లెప్రగతి క్రింద తెలంగాణములోని పన్నెండువేలకు పైగా గ్రామపంచాయతీలను ఉద్దేశించి ట్రాక్టర్లు, చెత్తను వేరుచేయు షెడ్లు ఏర్పరుపబడినవి. పథకము మంచిదే. కాని తడిచెత్త, పొడిచెత్త కలిసిపోయి వచ్చినచో ఎంత గొప్ప షెడ్డైనను చెత్తకు నీడనిచ్చుట తప్ప చేయగలిగినది లేదు. 2016 నాటి కేంద్ర నియమములు ఇంటివద్దనే వేరుచేయవలెనని విధించినవి. అంతకుముందే సూర్యాపేట పురపాలకసంఘము ఆ దారిలో నడిచి పేరుతెచ్చుకొన్నది. 2012లో వరంగల్లు నగరము కూడ ఇంటింట చెత్త వేరుచేయు ఉద్యమమును చేపట్టినది. కార్యాలయములు వాహనమును పంపగలవు. వంటింటిలో రెండవ బుట్టను పెట్టించజాలవు. ఆ బుట్ట పెట్టించు శక్తి, బడినుండి ఇంటికి వెళ్ళి తల్లిని ప్రశ్నించు పిల్లలకు గలదు.

సర్వేలు, ఎన్నికల విధులు, దినదినము పంపవలసిన లెక్కలతో సతమతమగుచున్న ఉపాధ్యాయుడు, ఇది యింకొక భారమా యని నిట్టూర్చిన ఆయనను తప్పుపట్టుట న్యాయము కాదు. తేళ్ళు చేరునని తల్లిదండ్రులు భయపడుటయు అకారణము కాదు. అందుకే కుప్పను గదులకు దూరముగా వేయవలెను, పారతో తప్ప వట్టిచేతితో కదలింపరాదు. ఈ చిక్కులు తీరునవే. తీరనిది మరియొకటి గలదు: ఆ పార ఎవరి చేతికి వచ్చును? చెత్త ముట్టుట కొన్ని కులముల పనియని తరతరములుగా నిర్ణయించుకొన్న సమాజ మిది. కుప్ప పనిని బీదపిల్లలకో, దళితవాడ పిల్లలకో విడిచిపెట్టినను, అల్లరి చేసినవారికి శిక్షగా విధించినను, ఎరువు తయారగును గాని చదువు చెడును. 1937లో వార్ధా విద్యాసదస్సున గాంధీజీ చేతిపనిని విద్యకు నడుమ నిలుపవలెనన్నప్పుడు, ఆ పని అందరి చేతిదిగా ఉండవలెనన్నదే అందులోని సారము. కావున వరుసక్రమము గోడపై వ్రాసియుండవలెను. అందులో మొదటి పేరు ప్రధానోపాధ్యాయునిది కావలెను. బాలికలకు చీపురు, బాలురకు పార యను విభజనయు పనికిరాదు.

ఇక వేసవి సెలవుల సంగతి. మాఘ, ఫాల్గుణములలో వేసిన కుప్పను ఏప్రిలు వరకు రెండు మూడు మారులు తిరుగవేయవచ్చును. ఆపై బడి మూతపడును, నీరు చల్లువారుండరు, కుప్ప ఎండి పని నిలిచిపోవును. ఇచ్చట బెంగుళూరు పద్ధతి అక్కరకు వచ్చును. చివరి పనిదినమున కుప్పను బాగుగా తడిపి, పేడ కలిపిన మట్టితో మెత్తి వదలిన, లోపలి తడి ఆరక మెల్లగా మాగును. జూన్‌లో బడి తెరచిన వారములో పైమన్ను తీసి చూచిన, ఆకుల రూపము చాలవరకు పోయి, నల్లగా, తొలకరి నేల వాసనతో ఎరువు కనబడును. దానిని జల్లెడ పట్టి, బడితోటలోని మిరపనారు మడిలో సగమునకు వేసి, సగమును వట్టిగా విడువవలెను. రెండువైపుల మొక్కల ఎత్తును, తడి ఆరుటకు పట్టిన రోజులను ఏడవ తరగతివారు వారమువారము కొలిచి వ్రాసినచో, ఆగస్టు నాటికి ఆ పుస్తకమును చూచుటకు రైతులైన తండ్రులే బడికి రావచ్చును.